కలాన్నే కొలువుగా ఎంచుకున్న షోయబుల్లా ఖాన్

పరీక్షలు ముగిసి వేసవి సెలవులు రాగానే మన మలికిపురం, రాజోలు ప్రాంతాల కళాశాల విద్యార్థుల్లో కొందరికి పత్రికలో పని నేర్చుకోవాలన్న కోరిక కలుగుతుంది. వారిలో మన ముస్లిం బిడ్డలు కూడా ఉన్నారు. సెలవులు రెండు నెలలూ విలేకరి వెంట తిరిగి, వార్త రాయడం నేర్చుకుంటామని ఇంట్లో అడుగుతారు. అప్పుడు తల్లిదండ్రులకు రెండు సందేహాలు వస్తాయి. చదువుకున్న బిడ్డ నాలుగు డబ్బులు రాని పనిలో చిక్కుకుంటాడేమో అన్నది ఒకటి. రెండవదాన్ని ఎవరూ పైకి చెప్పరు. రేపు మనవారి తప్పు గురించే రాయవలసి వస్తే జమాత్‌లో నలుగురూ ఏమంటారోనన్నదే ఆ సందేహం.

ఈ రెండు ప్రశ్నలకూ తన జీవితంతోనే సమాధానం చెప్పిన ముస్లిం యువకుడు మన తెలుగు నేల మీదనే పుట్టాడు. ఆయనే ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఆయన కాలంలో మన కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. నిజాం పాలన కష్టసుఖాలు మన పెద్దలకు చెవిన పడిన కబుర్లే తప్ప అనుభవం కాదు. అందుకే కాబోలు, తెలంగాణలో బాగా తెలిసిన ఈ పేరు మన ఇళ్ళలో అంతగా వినిపించదు.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరులో, నేటి ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతాలు వరంగల్లు జిల్లాలో కలిసి ఉన్న రోజుల్లో, సుబ్రవేడు అనే పల్లెలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. కుమారుడు పుట్టిన రోజుల్లో గాంధీజీ ఆ మార్గంలో రైలులో వెళ్ళారనీ, ఆ జ్ఞాపకంతో తండ్రి బిడ్డను ముద్దుగా గాంధీ అని పిలిచేవారనీ చెప్పుకుంటారు. షోయబుల్లా ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో హైదరాబాదు రాజ్యంలో ఉర్దూలో ఉన్నత విద్య చదివిన ముస్లిం యువకుడికి సర్కారీ కొలువు దొరకడం కష్టం కాదు. పోలీసు ఉద్యోగి కుమారునికి అది మరింత తేలిక. కాని ఆయన ఆ గడప తొక్కలేదు. తేజ్ అనే ఉర్దూ పత్రికలో ఉపసంపాదకునిగా, కొద్దిపాటి జీతానికి చేరారు.

నేటి బిడ్డలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆనాటి ఉర్దూ పత్రికలో పని అంటే ఈనాటి వలె సెల్‌ఫోనులో వార్త కొట్టి పంపడం కాదు. కాతిబ్ అనే లేఖకుడు ప్రతి అక్షరాన్నీ చేత్తో రాస్తే, దానిని రాతి అచ్చు మీద ముద్రించేవారు. తప్పు దొర్లితే దిద్దడం కష్టం. కాబట్టి కాతిబ్ చేతికి కాగితం ఇచ్చే ముందే పేరు, ఊరు, తేదీ, అంకె అన్నీ సరిచూసుకోవాలి. కొత్తగా చేరిన వారికి అదే పాఠశాల. అక్కడ నేర్చిన శ్రద్ధ చివరిదాకా నిలుస్తుంది.

తేజ్ ప్రభుత్వాన్ని విమర్శించేది. సర్కారు దానిని నిషేధించింది. షోయబుల్లా ఖాన్ కలం మూయలేదు. మందుముల నర్సింగరావు గారి రయ్యత్ పత్రికలో చేరారు. నర్సింగరావు గారు 1927 నుంచి నడిపిన ఉర్దూ పత్రిక అది. హిందువు యజమాని, ముస్లిం ఉపసంపాదకుడు, ఇద్దరి భాషా ఉర్దూయే. ఇద్దరి బాధా రైతు, సామాన్య ప్రజల బాధే. రయ్యత్ కూడా నిషేధానికి గురైంది.

రెండు పత్రికలు మూతపడ్డాక ఎవరైనా వేరే దారి చూసుకుంటారు. ఆయన మాత్రం సొంత పత్రిక పెట్టడానికి పూనుకున్నారు. ఇంట్లోని స్త్రీల నగలు అమ్మి పెట్టుబడి కూర్చారని ప్రతీతి. బూర్గుల రామకృష్ణారావు గారు అండగా నిలిచారు. ఆ విధంగా 1947 నవంబరు 15న ఇమ్రోజ్ మొదటి సంచిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే ఈ రోజు అని అర్థం.

అది ఎటువంటి సమయమో తలచుకోండి. భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. హైదరాబాదు రాజ్యం మాత్రం విడిగా ఉండాలని పట్టుబట్టింది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు పల్లెల మీద పడి దౌర్జన్యాలు సాగించారు. ముస్లింల రక్షణ పేరిట జరుగుతున్న ఆ పనులు ముస్లింలకే చేటు తెస్తాయని ఇమ్రోజ్ రాసింది. హైదరాబాదు భారత్‌లో కలవాలని కోరింది. 1948 ఆగస్టులో, రజాకార్లను రద్దు చేయాలని కోరుతూ కొందరు ముస్లిం ప్రముఖులు విడుదల చేసిన ప్రకటనను కూడా అచ్చు వేసింది.

బెదిరింపులు వచ్చాయి. ఆయన పత్రిక ఆపలేదు. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడ ప్రాంతంలోని తన ఇంటికి వెళుతుండగా దుండగులు దాడి చేశారు. తుపాకితో కాల్చారు. రాసిన చేతిని నరికారు. అడ్డు వచ్చిన ఇస్మాయిల్ ఖాన్ కూడా చేయి కోల్పోయారు. ఆగస్టు 22న షోయబుల్లా ఖాన్ కన్ను మూశారు. అప్పటికి ఆయన వయసు 27 సంవత్సరాలు. ఆయన భార్య ఆ సమయంలో గర్భవతి.

నెల తిరగకుండానే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయారు. తర్వాత జరిగింది కూడా మన బిడ్డలకు తెలియాలి. రజాకార్ల చేతలకు మూల్యం రజాకార్లు మాత్రమే చెల్లించలేదు. ఏ పాపమూ ఎరుగని ముస్లిం కుటుంబాలు అనేక జిల్లాలలో బలి అయ్యాయి. ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది వరకు చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఖాసిం రజ్వీ మాత్రం 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. తనవారిని హెచ్చరించిన సంపాదకుడు ద్రోహి కాడనీ, వారి మేలు కోరినవాడేననీ గ్రహించడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

వార్త తెచ్చినవాని మాటను విచారించుకోకుండా నమ్మవద్దని ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో మనకు ఆదేశం ఉంది. సాక్ష్యం తనకు, తన తల్లిదండ్రులకు వ్యతిరేకంగా ఉన్నా న్యాయం మీదనే నిలబడాలని నిసా సూరాలో ఉంది. మేము మదరసాలో ఈ రెండు ఆదేశాలు బోధించేటప్పుడు వీటిని పత్రికా కార్యాలయంలో ఆచరించి చూపినవాడని షోయబుల్లా ఖాన్ పేరు చెబుతుంటాము.

కాబట్టి మలికిపురంలో ఈ వేసవిలో పత్రిక గడప ఎక్కే బిడ్డకు మేము చెప్పేది ఇదే. నాయనా, మొదటి రోజున నీకు పెద్ద వార్త ఎవరూ ఇవ్వరు. కాలువ నీరు చివరి పొలానికి అందలేదని రాయమంటారు, లేదా కొబ్బరి ధర కనుక్కు రమ్మంటారు. ఆ చేను దాకా నడిచి వెళ్ళు. ధరను ఇద్దరు ముగ్గురి దగ్గర అడిగి చూడు. పేరు సరిగా రాయి. మనవాళ్ళ తప్పయినా, పెరవాళ్ళ తప్పయినా ఒకే తూకంతో తూచు. తల్లిదండ్రులూ బిడ్డను ఆపకండి. తిరిగి వచ్చిన సాయంత్రం ఏం రాశావని కాదు, ఎవరిని అడిగి రాశావని అడగండి.

షోయబుల్లా ఖాన్‌ను అల్లాహ్ కరుణించుగాక! మన బిడ్డలకు నిజం పలికే నాలుకను, నిజం రాసే చేతిని ప్రసాదించుగాక! ఆమీన్.