సరి బేసులలోని మర్మము: ఐసెన్‌స్టైన్ జీవితము

జర్మనీ దేశమున బెర్లిను నగరమునందు 1823వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన గోట్‌హోల్డ్ ఐసెన్‌స్టైన్ జన్మించెను. ఆ దంపతుల ఆరుగురు సంతానములో బ్రతికి బట్టకట్టినవాడు అతడొక్కడే. తక్కిన ఐదుగురును బాల్యముననే కన్నుమూసిరి. మిగిలిన ఆ బాలుని సైతము అనారోగ్యము జీవితాంతము వెన్నాడెను. దేహము దుర్బలమైనను అతని బుద్ధి మిక్కిలి చురుకైనది. పాఠశాలలో చదువుచున్న దినములలోనే విశ్వవిద్యాలయమునకు పోయి డిరిక్లే పండితుని గణితోపన్యాసములను వినుచుండెడివాడు.

1842లో తల్లితో కలిసి, జీవనోపాధికై ఇంగ్లండునకు వెడలిన తండ్రి కడకు పోయెను. మరుసటి యేడు ఐర్లండులోని డబ్లిను నగరమున హామిల్టన్ పండితుని దర్శించెను. ఐదవ ఘాతపు సమీకరణములను సాధించుటకు సామాన్య సూత్రము లేదని ఆబెల్ చేసిన నిరూపణమును గూర్చి తాను రచించిన వ్యాసమును హామిల్టన్ అతనికిచ్చి, బెర్లిను అకాడమీకి అందజేయుమనెను.

స్వదేశమునకు మరలిన పిదప 1844లో ఒక్క క్రెలే గణిత పత్రికయందే అతని రచనలు ఇరువదియైదు వెలువడెను. 1845లో, ఇంకను విద్యార్థిగా నుండగనే, బ్రెస్లౌ విశ్వవిద్యాలయము అతనికి గౌరవ డాక్టరు పట్టము నొసగెను. కీర్తి వచ్చినను దారిద్ర్యము తీరలేదు. శాస్త్రవేత్తయైన హంబోల్ట్ పలుమారులు పాలకులను వేడి, కొలదికొలదిగా సహాయధనము నిప్పించుచుండెను. 1847లో ఐసెన్‌స్టైన్ బెర్లినులో అధ్యాపకుడయ్యెను. అతని పాఠములు విన్నవారిలో రీమాన్ ఒకడు. 1848 మార్చిలో చెలరేగిన విప్లవమున సైనికులు అతనిని బంధించి, హింసించి, స్పాండౌ కోటకు నడిపించిరి. మరునాడే విడిచిరి గాని, అంతకు మున్నే చెడిన ఆరోగ్యము మరింత క్షీణించెను.

అట్టి స్థితిలో 1850లో అతడు ప్రకటించిన నియమమొకటి నేటికిని విద్యార్థులకు పాఠ్యాంశముగ నున్నది. 8 అంకెను పోలిన లెమ్నిస్కేటు వక్రరేఖను సమభాగములు చేయు ప్రశ్నను విచారించుచు దానిని కనుగొనెను. పూర్ణాంకములు గుణకములుగా గల బహుపదిలో మొదటి గుణకము బేసియై, తక్కినవన్నియు సరియై, చివరి స్థిరపదము 4చే భాగింపబడనిచో, దానిని అకరణీయ గుణకములు గల చిన్న ఘాతపు బహుపదుల లబ్ధముగా విడదీయ వీలులేదు. 2కు మారుగా ఏ ప్రధాన సంఖ్యను, 4కు మారుగా దాని వర్గమును గైకొన్నను నియమము చెల్లును.

య³ + 6య + 2 = 0 అను సమీకరణమును చూడుడు. ఇందు య² గుణకము సున్న. అదియు సరి సంఖ్యయే. మొదటి గుణకము 1 గనుక, అకరణీయ మూలమున్నచో అది పూర్ణాంకమే కావలెను. అది బేసియైనచో ఘనము బేసి, తక్కిన పదములు సరి. మొత్తము బేసియగుటచే సున్న కాజాలదు. సరియైనచో ఘనమును, 6యయు 4చే భాగింపబడును, చివరి 2 భాగింపబడదు. అప్పుడును మొత్తము సున్న కాజాలదు. పూర్ణాంకము సరియో బేసియో కాక తప్పదు. కావున ఈ సమీకరణమునకు అకరణీయ మూలము లేదు. మూలమును వెదకకయే గుణకముల సరి బేసులను బట్టి దాని స్వభావమును తెలిసికొంటిమి.

ఈ నియమమునే షోనెమాన్ అను గణితజ్ఞుడు 1846లోనే ప్రకటించియుండెను. కావుననే ఇరువురి పేర్లను జోడించి చెప్పుట న్యాయము.

1852లో బెర్లిను అకాడమీ ఐసెన్‌స్టైనును సభ్యునిగా ఎన్నుకొనెను. అప్పటికే క్షయ ముదిరెను. సిసిలీ ద్వీపమునకు పంపి స్వస్థత చేకూర్పవలెనని హంబోల్ట్ ధనము సమకూర్చెను గాని కాలము మించిపోయెను. ఆ యేడు అక్టోబరు 11వ తేదీన, ఇరువదితొమ్మిదవ యేట, ఐసెన్‌స్టైన్ మరణించెను. ఎనుబదిమూడేండ్ల హంబోల్ట్ ఆ యువకుని శవపేటిక వెంట శ్మశానమునకు నడిచెను.