నొప్పి తెలియని పాదాలకు కాపు కాసిన డాక్టరమ్మ

చోడవరం నుంచి మాడుగుల మీదుగా పాడేరు కొండలెక్కే దారిలో, మన ఊళ్లలో కాలికి ముల్లు గుచ్చుకోని మనిషి ఉండడు. నొప్పి పుడుతుంది కాబట్టి వెంటనే తీసేస్తాం. ఆ నొప్పే తెలియకపోతే? కుష్ఠు వ్యాధి నరాలను దెబ్బతీసి స్పర్శను పోగొడుతుంది. ముల్లు దిగినా, నిప్పు కాలినా తెలియదు. పుండు లోపలికి పాకి, చివరికి కాలిని వికలం చేస్తుంది. అలాంటివారిని ఊరు వెలివేసిన రోజుల్లో తెలుగు నేల మీద వారికి ఆసుపత్రి కట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్‌ను ఈ సంచికలో తలచుకుందాం.

ఆమె 1875లో స్కాట్లాండ్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. ఆడపిల్లలు వైద్యం చదవడం అరుదైన కాలంలో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో డాక్టరయ్యారు. 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి నిజాం రాజ్యానికి మిషనరీగా వచ్చారు. కుష్ఠు రోగులకు దిక్కు లేకపోవడం చూసి 1911లో నిజామాబాద్‌లో ఒక ఆశ్రయం తెరిచారు. వచ్చినవారికి అది చాలలేదు. స్థానిక దాత నర్సా గౌడ్ పెద్ద విరాళం ఇచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది.

అప్పట్లో ఈ రోగులకు తిండి, నీడ ఇస్తే చాలనుకునేవారు. ఇసబెల్ వైద్యం కూడా కావాలన్నారు. కలకత్తాలో రోజర్స్, మూయిర్ అనే డాక్టర్లు మెరుగుపరిచిన చాల్ముగ్ర నూనె సూదిమందును డిచ్‌పల్లిలో వాడారు. అది అందరికీ పనిచేసే మందు కాదు, అయినా రోగులలో ఆశ నింపింది. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1932లో ఆమె కన్నుమూశారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇప్పుడు కుష్ఠుకు పూర్తిగా నయం చేసే మందులు ఉన్నాయి. రోగాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచకండి, వెంటనే చూపించండి. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు. అందుకే అలాంటివారి పాదాలను రోజూ మనమే చూడాలి. నీళ్లలో నానబెట్టి, తుడిచి, పగుళ్లకు నూనె రాయాలి. చెప్పులు లేకుండా పోడుకు పంపకూడదు. పుండు పడితే శుభ్రమైన గుడ్డ కట్టి, కాలు మోపనీయకుండా ఏఎన్ఎమ్ అక్కకు చూపించాలి. షుగరుతో పాదాలు మొద్దుబారిన పెద్దలకూ, నీళ్లలో నానబెట్టడం తప్ప, ఇదే జాగ్రత్త.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మన తాత పాదాలను, అవ్వ పాదాలను ఒకసారి చేతిలోకి తీసుకుని చూద్దాం. డాక్టరమ్మకు మనమిచ్చే నివాళి అదే.