గాల్వాని

లూయీజీ గాల్వాని 1737వ సంవత్సరమున ఇటలీ దేశమందలి బొలోనా నగరమున జన్మించెను. వైద్యవిద్య నభ్యసించి, ఆ నగర విశ్వవిద్యాలయముననే శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచుండెను. విద్యుద్యంత్రము భౌతిక శాస్త్రజ్ఞుల పరికరము. గాల్వాని దానిని కప్పల నరములను పరిశీలించుటకు వాడుకొనెను.

ఒకనాడు సహాయకుడు చచ్చిన కప్ప నరమును కత్తిమొనతో తాకెను. అదే క్షణమున ప్రక్కనున్న యంత్రము నుండి నిప్పురవ్వ వెలువడెను. కప్ప కాళ్లు గిలగిల కొట్టుకొనెను! మరియొకరైనచో వింతయని ఊరకుందురు. ఆయన ఏండ్ల తరబడి పరీక్షించెను. పాపము, ఆ కప్ప లెన్నియో! వెన్నున గ్రుచ్చిన ఇత్తడి కొక్కెమును ఇనుప కమ్మికి తాకించినను కాళ్లు కదలెను. యంత్రముతో పనియే లేదు. జంతుదేహముననే విద్యుత్తు కలదని 1791లో ప్రకటించెను.

పావియా విశ్వవిద్యాలయమందలి వోల్టా మొదట మెచ్చుకొని, పిదప కాదనెను. ఆ విద్యుత్తు రెండు భిన్నలోహముల వలన పుట్టినదే గాని కప్పది కాదని ఆయన వాదము. అందును నిజము లేకపోలేదు; 1800లో వోల్టా నిర్మించిన బ్యాటరీయే అందులకు సాక్షి. అయితే గాల్వాని లోహమన్నదే లేకుండ కప్ప నరమును దాని కండరమునకే తాకించెను. అప్పుడును కండరము ముడుచుకొనెను.

ఇంతలో నెపోలియను స్థాపించిన నూతన ప్రభుత్వము ఆచార్యులను విధేయతా ప్రమాణము చేయుమనెను. గాల్వాని అంతరాత్మ కది సమ్మతము గాలేదు. కొలువు పోయెను. 1798 డిసెంబరున బొలోనాలోనే ఆయన మరణించెను.

జీవకణమును కప్పియున్న పలుచని పొరకు లోపలను వెలుపలను విద్యుదావేశము గల లవణకణములు సమానముగా నుండవు. ఆ భేదమే ఈ విద్యుత్తునకు మూలమని 1902లో జర్మను శాస్త్రజ్ఞుడు బెర్న్‌స్టైను వివరించెను. నేడు వైద్యుడు రోగి ఛాతిపై తీగెలంటించి, కాగితముపై గీతలను చూచి హృద్రోగమును గుర్తించుచున్నది ఆ పొరల విద్యుత్తు వలననే.