రాయ్‌పూర్ ఇనుప కొండల జాడ తెలిపిన పి.ఎన్. బోస్

రాయ్‌పూర్: ఛత్తీస్‌గఢ్ ఇనుము అనగానే భిలాయ్ ఉక్కు కర్మాగారం స్ఫురిస్తుంది. ఆ కర్మాగారానికి ఏడు దశాబ్దాల పూర్వమే, 1887లో, రాయ్‌పూర్ జిల్లా పశ్చిమ భాగంలోని ఇనుము పరిశ్రమపై ఒక భారతీయ శాస్త్రవేత్త నివేదిక ప్రకటించారు. ఆయన ప్రమథనాథ్ బోస్.

1855 మే 12న బెంగాల్‌లోని గైపూర్ గ్రామంలో జన్మించిన బోస్, గిల్‌క్రైస్ట్ ఉపకార వేతనంతో లండన్‌లో చదివి, 1880లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరారు. నేటి బాలోద్ జిల్లాలోని దల్లీ-రాజహరా కొండలు ఆనాడు రాయ్‌పూర్ జిల్లాలోనివే.

మధ్య భారతపు అడవులలో ఇనుము తీయడం అగరియా కుటుంబాల వంశపారంపర్య వృత్తి. మట్టి కొలిమిలో కట్టెబొగ్గు, ఇనుపరాయి పొరలుగా వేసి, కాలితో తొక్కే తిత్తులతో గంటల తరబడి గాలి ఊదేవారు. అడుగున మిగిలిన ముద్దను సమ్మెటతో కొట్టి చిట్టెం రాల్చేవారు. కర్రు, కొడవలి, గొడ్డలి, కత్తి అన్నీ ఆ ఇనుముతోనే తయారయ్యేవి. తండ్రి చేతిని చూసి కొడుకు నేర్చుకోవడమే తప్ప ఈ విద్యకు గ్రంథం లేదు. విదేశీ ఇనుము చౌకగా దిగుమతి కావడం, అటవీ చట్టాలు కట్టెబొగ్గుకు అడ్డుపడటం ఈ కొలిములను క్రమంగా చల్లార్చాయి. అందుకే 1887 నాటి ఆ నివేదికకు గనుల చరిత్రకు మించిన విలువ ఉంది.

తనకంటే ఎంతో జూనియర్ అయిన థామస్ హాలండ్‌కు సంస్థ అధిపతి పదవి దక్కడంతో బోస్ 1903లో ఉద్యోగం వీడారు. ఆ అన్యాయం, ఒక విధంగా, దేశానికి కలిసివచ్చింది. మయూర్‌భంజ్ సంస్థానంలో చేరిన ఆయన గోరుమహిసాని ఇనుప నిక్షేపాలను గుర్తించి, 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీ టాటాకు లేఖ రాశారు. దల్లీ-రాజహరా ఖనిజాన్ని టాటా బృందం అంతకుముందే పరిశీలించింది. ఖనిజం మేలైనదే అయినా తగిన బొగ్గు చేరువలో లేదు. చివరకు కర్మాగారం సాక్చీలో, నేటి జంషెడ్‌పూర్‌లో వెలసింది.

బోస్ 1934 ఏప్రిల్ 27న రాంచీలో కన్నుమూశారు. దల్లీ-రాజహరా ఖనిజం ఆధారంగా నిర్మించిన భిలాయ్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. బస్తర్‌లో బోస్ పరిశీలించిన మరో ఖనిజ శ్రేణి బైలాడిలా. అక్కడి ఇనుపరాయి 1960వ దశకం చివరి నుంచి కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం రేవుకు చేరి, జపాన్ ఉక్కు కర్మాగారాలకు తరలింది.