కెప్టెన్ కాప్రిల్లీ

మన తళికి చేరువనున్న మత్తిగిరిలో ఒకప్పుడు సైన్యమునకు గుఱ్ఱములను సిద్ధపఱచెడివారు. ఆ కాలపు రౌతులు కంచె దూకించునపుడు వెనుకకు వాలి కళ్ళెము బిగబట్టెడివారు. నోరు నొచ్చి గుఱ్ఱము దూకుటకే వెఱచెడిది. 1868లో ఇటలీలోని లివోర్నోలో జన్మించిన ఫెడెరికో కాప్రిల్లీ దీనిని సహింపలేదు. రౌతులేని గుఱ్ఱము దూకు తీరు గమనించి, రికాబులు కుదించి, ముందుకు వంగి, కళ్ళెము వదలెను. పొట్టి కంచెలు, గుంటలు, గట్లు దాటించుచు, గుఱ్ఱమును తనంతట తూగ నిలువనిచ్చుటయే ఆయన సాధన. గట్టెక్కు కోడెను మన పిల్లలు పలుపు పట్టి వెనుకకు లాగరు గదా! కనుక మాకిది వింతగా తోచలేదు. పై యధికారులు మాత్రము చాలకాలమొప్పుకొనలేదు. 1902లో ట్యూరినులో ఆయన 2.08 మీటర్లు దూకించెను. పిదప పినెరోలో పాఠశాలలో ఆ పద్ధతియే నెలకొనెను. 1907 డిసెంబరులో, కంచె దూకుచు గాదు, ఊరకయే గుఱ్ఱముపైనుండి పడి, 39 ఏండ్లకే ఆయన గతించెను.