పురపాలక పీఠంపై జవహర్‌లాల్ నెహ్రూ

దేశాన్ని పాలించిన నాయకుల జీవితాలలో రాజ్యాంగ సభలు, విదేశీ పర్యటనలు, చరిత్రాత్మక ప్రసంగాలు మనకు సుపరిచితాలు. కాని, వీధిదీపాలు, మురుగుకాలువలు, నీటిపన్నుల నడుమ వారు గడిపిన రోజులు అంతగా వెలుగులోకి రావు. స్వతంత్ర భారత ప్రథమ ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ తొలిసారి చేపట్టిన ఎన్నికైన పాలనాపదవి ఒక పురపాలక సంఘాధ్యక్ష పదవి. రెండేళ్ల ఆ అనుభవం ఆయనకు నేర్పిన పాఠాలు అమూల్యమైనవి.

జవహర్‌లాల్ 1889 నవంబరు 14న అలహాబాదులో జన్మించారు. ఆ నగరమే నేటి ప్రయాగ్‌రాజ్. తండ్రి మోతీలాల్ నెహ్రూ పేరెన్నికగన్న న్యాయవాది. తల్లి స్వరూపరాణి. హారో పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోను విద్యనభ్యసించి, బారిస్టరై 1912లో స్వదేశానికి తిరిగివచ్చారు. న్యాయవాద వృత్తి ఆయన మనస్సును ఆకట్టుకోలేదు. 1916లో లక్నో కాంగ్రెస్ సందర్భంగా గాంధీజీని కలుసుకున్నారు. 1920లో ప్రతాప్‌గఢ్ ప్రాంతపు రైతుల దుస్థితిని కళ్లారా చూశారు. సహాయ నిరాకరణోద్యమంలో పాల్గొని 1921 డిసెంబరులో తొలిసారి కారాగారం పాలయ్యారు. రెండోసారి విధించిన శిక్షనుంచి 1923 జనవరి చివరన విముక్తులయ్యారు.

అప్పటికి ఉద్యమం చల్లబడింది. గాంధీజీ చెరసాలలో ఉన్నారు. శాసనసభలలో ప్రవేశించాలా, బహిష్కరించాలా అన్న విషయమై కాంగ్రెస్ రెండుగా చీలింది. కాని పట్టణ ప్రజలకు సేవచేసే పురపాలక సంఘాల విషయంలో అంతటి అభ్యంతరం లేకపోయింది. ఆ రెండేళ్లలో కలకత్తాలో చిత్తరంజన్ దాస్, అహ్మదాబాదులో వల్లభ్‌భాయ్ పటేల్, పాట్నాలో రాజేంద్రప్రసాద్ వంటి మహానాయకులు పురపాలన బాధ్యతలు స్వీకరించారు.

జవహర్‌లాల్ ఆ పదవిని కోరుకున్నవారు కారు. ఎన్నికకు ముప్పావుగంట ముందు వరకు ఆయన పేరునైనా ఎవరూ తలపెట్టలేదు. కాంగ్రెస్ పక్షాన తప్పక గెలవగలవారు ఆయనొక్కరేనని చివరి క్షణంలో సభ్యులు గ్రహించారు. అలా 1923లో, ముప్పైమూడేళ్ల ప్రాయంలో, ఆయన అలహాబాదు పురపాలక సంఘాధ్యక్షులైనారు.

అనుకోకుండా వచ్చిన పదవే అయినా, దానిని ఆయన తేలికగా తీసుకోలేదు. దస్త్రాలను శ్రద్ధగా చదివేవారు. సిబ్బంది పనితీరును చక్కదిద్దడానికి పూనుకున్నారు. ఆ పనిలో ఒక ఆనందమున్నదని గుర్తించారు. అయితే దేశం పిలుపు ఆయనను ఊరికే పరిమితం కానీయలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో నాభా సంస్థానంలో నిర్బంధానికి గురై, తిరిగివచ్చిన తరువాత విషజ్వరంతో మంచంపట్టారు. డిసెంబరులో మన కాకినాడలో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన జరిగిన కాంగ్రెస్ మహాసభ తరువాత అఖిల భారత కాంగ్రెస్ కార్యదర్శి భారం కూడా ఆయన భుజాలపై పడింది. రెండు బరువులను మోస్తూ తెల్లవారినది మొదలు రాత్రి వరకు శ్రమించేవారు.

కొద్దికాలంలోనే ఆయనకు ఒక సత్యం బోధపడింది. అధ్యక్షుని ఆసనం ఎత్తయినదే కాని, ఆయన చేతులు స్వేచ్ఛగా లేవు. ప్రభుత్వం ఎన్నో ఏళ్ల క్రితం బిగించిన ఉక్కుచట్రంలో సంఘం ఇరుక్కుని ఉంది. కొత్త పన్ను వేయాలన్నా, కొత్త సేవ ప్రారంభించాలన్నా పైవారి అనుమతి కావాలి. ధనికుల బంగళాలున్న సివిల్ లైన్స్‌కు విశాలమైన రహదారులు, మంచి దీపాలు, నీటి వసతి సమకూరాయి. పేదలు కిక్కిరిసి నివసించే పేటలు నిర్లక్ష్యానికి గురయ్యాయి.

ఈ అసమానతను తగ్గించడానికి భూమి విలువను బట్టి పన్ను విధించాలని జవహర్‌లాల్ సూచించారు. అది శాసనానికి విరుద్ధమని అధికారులు అడ్డుచెప్పారు. నిజానికి ఆ పన్ను భారం అధికంగా పడేది బంగళాల యజమానులపైన. పట్టణంలోకి వచ్చే సరకులపై విధించే ఆక్ట్రాయి సుంకానికి మాత్రం ప్రభుత్వం సమ్మతించేది. దానివల్ల తిండిగింజల ధరలు సైతం పెరిగి, పేదవాడి నడుము విరిగేది. ఉన్నవాడిని వదలి లేనివాడిని పిండే ఈ విధానాన్ని మార్చే అధికారం అధ్యక్షునికి లేకపోవడం ఆయనను మిక్కిలి కలచివేసింది.

వైదొలగాలన్న తలంపు ముందే కలిగినా, రెండు సంవత్సరాలపాటు ఆయన బాధ్యతను నిర్వర్తించారు. చివరకు 1925లో పదవిని విడిచిపెట్టారు. మరుసటి సంవత్సరం మార్చిలో, అస్వస్థురాలైన సతీమణి కమలతోను, కుమార్తె ఇందిరతోను ఐరోపాకు పయనమయ్యారు.

పదవిని వీడినా ఆ ఆలోచనలు ఆయనను వీడలేదు. సుమారు పదేళ్ల తరువాత, 1934-35లో చెరసాలలో ఆత్మకథ రచిస్తూ, పురపాలక అనుభవాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించారు. పురపాలక సంఘాల అసమర్థతను ప్రభుత్వం ఏటేటా ఎత్తిచూపి, భారతీయులకు ప్రజాస్వామ్యం తగదని తీర్మానించడాన్ని ఆయన అందులో ఖండించారు. సంఘాలలో లోపాలున్నాయని నిర్మొహమాటంగా ఒప్పుకున్నారు. అయితే చేతులు కట్టివేసి ఈత రాదని నిందించడం న్యాయం కాదన్నదే ఆయన వాదనలోని సారం. అటు ప్రజాస్వామ్యమూ కాక, ఇటు నిరంకుశత్వమూ కాక, రెండింటిలోని చెడుగునూ కలుపుకున్న వ్యవస్థ నుంచి సత్ఫలితాలను ఆశించలేమని ఆయన స్పష్టం చేశారు. ఆయన తన వైఫల్యానికి సాకులు వెదకలేదు. వ్యవస్థలోని రుగ్మతకు మూలాన్ని అన్వేషించారు.

1947లో ప్రధాని అయిన తరువాత స్థానిక పాలనను పటిష్ఠం చేసే అవకాశం ఆయనకు లభించింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. అదే సంవత్సరం నాటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లోనూ దానిని ప్రారంభించారు. గ్రామాలకు అధికారం ఇచ్చే ప్రయత్నం అలా మొదలైనా, పట్టణాలు మరెన్నో ఏళ్లు వేచి ఉండవలసి వచ్చింది. 1964 మే 27న నెహ్రూ పరమపదించారు. పురపాలక సంఘాలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన 74వ సవరణ 1993లో గాని అమలులోకి రాలేదు. వాటి ఆర్థిక స్థితిని సమీక్షించే బాధ్యతను ఆ సవరణ రాష్ట్ర ఆర్థిక సంఘాలకు అప్పగించింది.

పదవి లభించినప్పుడు పొంగిపోవడం, పోయినప్పుడు కుంగిపోవడం సామాన్యుల స్వభావం. జవహర్‌లాల్ పదవిలో ఉన్నంతకాలం పనిని ప్రేమించారు; వీడిన తరువాత ఆ అనుభవాన్ని నిశితంగా పరిశీలించారు. బాధ్యతతోపాటు అధికారాన్నీ, వనరులనూ అప్పగించినప్పుడే స్థానిక స్వపరిపాలన సార్థకమవుతుందని అలహాబాదు ఆయనకు నేర్పింది. ప్రజాసేవలో అడుగుపెట్టదలచిన యువత గ్రహించవలసిన సత్యమిదే.