నమ్మకమే ఆమె పెట్టుబడి

మన గుమ్మంలోకి ఎవరైనా సరుకు అమ్మవస్తే ముందు మనం చూసేది సరుకుని కాదు, మనిషిని. ఈమె మళ్ళీ వస్తుందా, తేడా వస్తే పలుకుతుందా అని! ఈ సంగతి బాగా తెలిసిన మనిషి మేడం సి.జె. వాకర్. వందేళ్ళ క్రితమే అమెరికాలో కోట్ల పేరు తెచ్చుకున్న నల్లజాతి వ్యాపారవేత్త.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రంలోని డెల్టాలో పుట్టింది. తల్లిదండ్రులు అంతకు ముందు పత్తి తోటలో బానిసలు. ఏడేళ్ళకే ఇద్దరూ పోయారు. పద్నాలుగేళ్ళకు పెళ్ళి. ఇరవై ఏళ్ళకు భర్త పోయాడు. చంకలో రెండేళ్ళ కూతురు లీలియా! అన్నలు మంగలి పని చేసుకుంటున్న సెయింట్ లూయిస్ చేరి, ఇళ్ళల్లో బట్టలు ఉతికి బిడ్డను చదివించింది. రోజంతా ఉతికితే వచ్చేది డాలరున్నర.

ఆ రోజుల్లోనే ఆమెకు జుట్టు ఊడిపోసాగింది. పేదిళ్ళలో నీటి వసతి లేక, తలంటు అరుదై, చాలామంది ఆడవాళ్ళ బాధ అదే. ఏనీ టర్న్‌బో (తర్వాత ఏనీ మలోన్) అనే నల్లజాతి వ్యాపారి తయారుచేసిన మందులు వాడి, ఆమెకే ఏజెంటుగా చేరింది సారా. 1905లో డెన్వర్ వెళ్ళింది. మరుసటి ఏడు పత్రికల ప్రకటనల పని తెలిసిన చార్లెస్ జోసెఫ్ వాకర్‌ని పెళ్ళాడి, ఆయన పేరుతోనే సొంత లేపనం అమ్మకానికి పెట్టింది. దాంతో ఏనీకీ ఆమెకీ మధ్య ఎడం వచ్చింది. జీవితాంతం పోటీదారులుగానే మిగిలిపోయారు. నమ్మకం తెగితే ముడి వేయడం ఎంత కష్టమో సారాకు అలా మొదట్లోనే తెలిసొచ్చింది.

మరి ఆమె ఏం చేసింది? డబ్బా చేతిలో పెట్టి డబ్బు పుచ్చుకుని వెళ్ళిపోలేదు. ఊరూరా తిరిగి, చర్చిల్లోనూ ఇళ్ళల్లోనూ ఆడవాళ్ళను కూర్చోబెట్టి తల శుభ్రంగా రుద్దడం, లేపనం పట్టించడం, దువ్వడం దగ్గరుండి చూపించింది. నేర్చుకున్నవాళ్ళనే ఏజెంట్లను చేసింది. 1908లో పిట్స్‌బర్గ్‌లో కూతురి పేరు మీద శిక్షణ పాఠశాల తెరిచింది. 1910లో ఇండియానాపొలిస్‌కు మారి ఫ్యాక్టరీ పెట్టింది. బట్టలుతుకుతూ, వంటలు చేస్తూ బతుకుతున్న ఎందరో ఆడవాళ్ళు ఆమె చలవతో సొంతంగా సంపాదించుకున్నారు. ఆ ఏజెంటుకి కడుపు నిండితేనే తనకూ నిలకడ అని మేడం వాకర్ లెక్క.

ఇంట్లో మాత్రం ఆ లెక్క కుదరలేదు. వ్యాపారం ఎంత పెంచాలన్న దగ్గర భర్తతో పడలేదు, నమ్మకమూ చెదిరింది. 1912లో విడాకులు. జనం నోళ్ళలో నానిన పేరును మాత్రం ఆమె వదులుకోలేదు.

అదే ఏడు చికాగోలో నల్లజాతి వ్యాపారుల మహాసభ. దాని పెద్ద బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వనేలేదు. ఆమె తనంతట తానే లేచి నిలబడి, పత్తి పొలం నుంచి ఫ్యాక్టరీ దాకా తన కథ చెప్పేసింది. అయితే పట్టుదల వేరు, పగ వేరు. ఆమె ఆయనతో తగువు పెట్టుకోలేదు. 1913లో ఆయన ఇండియానాపొలిస్ వస్తే తన ఇంట్లోనే బస ఇచ్చింది. ఆ ఏటి సభలో ఆయనే ఆమెను వక్తగా పిలిచాడు!

ఆమె సంపాదించిన బంధాల్లో గట్టిది ఫ్రీమన్ రాన్సమ్‌ది. ఈ యువ న్యాయవాదికి తన ఇంట్లో గది, భోజనం ఇచ్చింది, బదులుగా న్యాయ సలహాలు తీసుకుంది. తర్వాత కంపెనీ లెక్కలూ వ్యవహారాలూ అన్నీ ఆయన చేతికే అప్పగించింది. ఆమెది ధారాళమైన చెయ్యి. ఖర్చు మితిమీరితే ఆయన మొహమాటం లేకుండా హెచ్చరించేవాడు. ఆమె కోపగించుకుని ఆయన్ని మార్చేయలేదు. తల ఊపేవాళ్ళనే చుట్టూ పెట్టుకున్న వ్యాపారాలు ఎన్ని మునగలేదు!

1917లో ఫిలడెల్ఫియాలో తన ఏజెంట్ల సభ పెట్టింది. రెండు వందల మందికి పైగా వచ్చారు. బహుమతులు ఎక్కువ అమ్మినవాళ్ళకే కాదు, తమ ఊళ్ళో ఎక్కువ దానధర్మాలు చేసినవాళ్ళకు కూడా! ఊరికి పనికొచ్చే మనిషిని ఊరు నమ్ముతుందని ఆమెకు తెలుసు. నల్లవాళ్ళను మూకలు కొట్టి చంపడాన్ని ఆపమంటూ ఆ సభ దేశాధ్యక్షుడు విల్సన్‌కి తంతి కూడా పంపింది.

1919 మే 25న, యాభై ఒక్క ఏళ్ళకే ఆమె కన్నుమూసింది. కూతురు కంపెనీ అధ్యక్షురాలైంది. రాన్సమ్ మాత్రం ఎక్కడికీ పోలేదు. 1947లో తాను చనిపోయేదాకా, అంటే మరో ఇరవై ఎనిమిదేళ్ళు, ఆ కంపెనీని కనిపెట్టుకునే ఉన్నాడు.

పచ్చళ్ళు అమ్మినా, చీరలు అమ్మినా, బ్యూటీ పార్లర్ పెట్టినా మనకు పనికొచ్చే పాఠం ఇదే. ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ రావాలంటే, మనతో పనిచేసేవాళ్ళూ మనతోపాటు ఎదగాలి. చేదైనా నిజం చెప్పే మనిషి ఒక్కరైనా పక్కన ఉండాలి. మరి మీ పక్కన ఉన్నారా?